చట్ట ప్రకారం పునుగు

పునుగుకు తోక ఉంటుంది. ఈ సంగతి పునుగు తిన్న ప్రతివాడికీ తెలుసు. చేత్తో పిండి తీసుకుని బొటనవేలితో నూనెలోకి జార్చినప్పుడు చివర కాస్త సాగుతుంది. ఆ సాగిందే వేగి కరకరలాడే తోక అవుతుంది. కొన్నిటికి రెండు తోకలుంటాయి. అవి అదృష్టవంతులకు దొరుకుతాయి. దీనివల్ల మన రాష్ట్రంలో ఎవరికైనా ఇబ్బంది కలిగినట్టు అప్పటిదాకా నేను వినలేదు.

ఆ ఏడు మంత్రిగారొకరు విదేశాలు చూసి వచ్చారు. అక్కడ రోడ్డు పక్క అమ్మే తిండి కూడా అచ్చు పోసినట్టు ఒకే ఆకారంలో ఉంటుందట. ఒకటి తిని, మరొకటి తిని, రెండింటికీ తేడా కనిపెట్టలేక మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారని పత్రికలు రాశాయి. ఆయన విమానం దిగిన కొన్నాళ్లకే 'చిరుతిండ్ల ఆకార క్రమబద్ధీకరణ బిల్లు' తయారైంది. దాని ప్రకారం రోడ్డు మీద అమ్మే ప్రతి తినుబండారానికీ ఒక నిర్ణీత ఆకారం ఉండాలి. గారె వలయం. సమోసా త్రిభుజం. మిరపకాయ బజ్జీ విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం కుదరక దాన్ని ఉపసంఘానికి పంపారు. పునుగు మాత్రం గోళం. ఆకారం తప్పిన సరుకు దొరికితే బండి స్వాధీనం.

మా వెలగలదిబ్బ బజారులో పునుగుల బండి తాయారమ్మది. నా కళ్లజోళ్ల దుకాణం ముందే పెడుతుంది. సాయంత్రమయ్యాక నా దుకాణానికి చూపు కోసం వచ్చేవాళ్ల కంటే వాసన కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. దుకాణానికి కాస్త ఇవతల రోడ్డులో ఒక గుంత ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. తాయారమ్మ బండి చక్రం రోజూ అందులో దిగబడుతుంది. ఆ వేళకు దగ్గరున్నవాళ్లం కలిసి తోస్తాం. తోసినవాళ్లకు మొదటి వాయ. రిటైరైన హెడ్మాస్టరు విశ్వపతి గారితోనూ, ఆటో మస్తాన్‌తోనూ నా స్నేహం ఆ గుంత దగ్గర మొదలైందే.

ఒక సాయంత్రం ఆకార తనిఖీ అధికారి వచ్చాడు. కొత్త శాఖ, కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా. చేతిలో గుండ్రటి కన్నమున్న ఇనప రేకు. పునుగును కన్నంలో పెట్టి తోశాడు. ఒళ్లు దూరింది, తోక తట్టుకుంది.

"విఫలం," అన్నాడు. ఇంకోటి పెట్టాడు. అదీ విఫలమే. అలా ఒక వాయంతా విఫలమయ్యాక వాటిని పొట్లం కట్టించి, "ఇవి నమూనాలు. పరీక్షకు పంపాలి. కొంచెం అల్లం పచ్చడి కూడా వెయ్యండి," అన్నాడు.

"ఇప్పుడేం జరుగుద్దయ్యా?" అంది తాయారమ్మ.

"ప్రస్తుతానికి ఏమీ లేదు. బిల్లు ఇంకా సభ ముందుకు రాలేదు. వచ్చే సమావేశాల్లో వస్తుంది. ఆమోదం పొందిన మరుక్షణం మీ బండిని స్వాధీనం చేసుకుంటాం. ముందస్తు అవగాహన కల్పించడం మా శాఖ ధ్యేయం."

"నా చెయ్యి ఎట్టా జారిస్తే అట్టా పడుద్ది పిండి. పుట్టింటి కాడ నుంచీ ఇదే చెయ్యి. ఇప్పుడు దీన్ని మార్చుకోమంటారా?"

"ఆ అంశం మా పరిధిలోకి రాదు," అని పొట్లం సంచిలో పెట్టుకుని అతను వెళ్లిపోయాడు.

తాయారమ్మ చిల్లుల గరిటె పళ్లెంలో పెట్టి కూర్చుంది. "ఈ బండి పోతే నాకు ఇంకో పని రాదు కామేశం గారూ. పిల్ల నర్సింగు కోర్సు చదవతంది. మజ్జెలో మానిపించాల్సిందే," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి అని ఊరుకోబెట్టేవాణ్ణి.

బండి పక్కనే నిలబడ్డ విశ్వపతి మాస్టారు కల్పించుకున్నారు. "బిల్లు చట్టం కాలేదు కదా. కాకముందే మన శాసనసభ్యుణ్ణి కలిసి మన అభిప్రాయం చెప్పే హక్కు మనకుంది."

"మనకా?" అన్నాడు మస్తాన్.

"మనకే."

ముగ్గురం కాసేపు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్లూ అది ఇంకెవరికో ఉన్న హక్కనుకున్నాం. వెంటనే పునుగుల పరిరక్షణ పౌర సమితి ఏర్పడింది. కళ్లజోళ్ల అద్దాలు తుడిచే గుడ్డ నా చేతిలో ఉండటం చూసి, అదేదో జెండా అనుకున్నట్టు అందరూ నన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

ఎమ్మెల్యే భుజంగరావు గారి దగ్గరికి బయల్దేరబోతుంటే మస్తాన్ ఆగిపోయాడు. "ఒట్టి చేతుల్తో ఎట్టా పోతాం సార్?"

ఆ మాట నిజమే. మా వైపు ఎమ్మెల్యే దగ్గరికి ఒట్టి చేతులతో ఎవరూ పోరు. అడగడానికైనా, అలగడానికైనా ముందు శాలువా కప్పాలి. తిట్టదలుచుకున్నా సరే, కప్పాకే తిట్టాలి. ఒక శాలువా కొన్నాం.

భుజంగరావు గారు మంచివారు. ఎదురుగా ఎవరు కనిపించినా మెడ వంచుతారు. ఏళ్ల తరబడి శాలువాలు కప్పించుకోవడం వల్ల ఆ మెడకు అది అలవాటైపోయింది. మమ్మల్ని చూడగానే వంగింది. నేను కప్పాను. మాస్టారు వినతిపత్రం విప్పి, "మహాశయా, గోళమను భావన క్షేత్రగణితమునకు చెందినది, పునుగో పాకమునకు చెందినది," అని మొదలుపెట్టారు. ఫోటో మెరిసింది. పీఏ జోగినాథం కాగితం అందుకుని, "అయిపోయింది, పక్కకి రావాలండీ," అన్నాడు. మా వెనక ఇంకో సంఘం శాలువాతో నిలబడి ఉంది. ఎమ్మెల్యే గారి మెడ అటు తిరిగి వంగింది.

మర్నాడు పత్రికలో మా బొమ్మ పడింది. 'ఆకార బిల్లుపై పౌరుల హర్షం. ఎమ్మెల్యేకు ఘన సన్మానం.' బొమ్మలో మాస్టారి నోరు 'క్షేత్రగణితము' దగ్గర తెరుచుకుని ఉంది. కింద 'ఆనందంతో నోట మాట రాని విశ్రాంత ప్రధానోపాధ్యాయులు' అని వేశారు.

జోగినాథం దగ్గరికి పరిగెత్తాను. అతను ఓపికగా చెప్పాడు. "కామేశం గారూ, శాలువా కప్పితే హర్షమండీ. దండేస్తే అభినందన. రెండూ చేస్తే జేజేలు. పత్రికలోళ్లకి ఆ మూడు హెడ్డింగులే ఉన్నాయి. మీ కోసం నాలుగోది ఎక్కడ్నించి తెస్తారు?"

"శాలువా లేకుండా వస్తే?"

"వస్తే అపాయింట్‌మెంటు ఉండదండి."

తప్పు దిద్దుకోవాలంటే మళ్లీ వెళ్లాలి. ఒక్కడి మాట ఎవరూ వినరని ఈసారి జనాన్ని కూడగట్టాం. తాయారమ్మ కూడా వచ్చింది. మస్తాన్ తన ఆటో స్టాండు వాళ్లందరినీ తెచ్చాడు. అంతమంది వెళుతూ ఒక్క శాలువాతో ఏం బాగుంటుంది, ఎమ్మెల్యే గారిని తక్కువ చేసినట్టు కాదూ అని వాళ్లలో వాళ్లే చందాలేసుకుని గజమాల చేయించారు. దాన్ని ఎత్తడానికి క్రేన్ వచ్చింది. క్రేన్ వచ్చిందని బ్యాండు మేళం దానంతటదే వచ్చింది. గజమాల దిగాక ఎమ్మెల్యే గారి ముక్కు మాత్రమే బయటికి కనపడింది.

తాయారమ్మ ఆ ముక్కు దగ్గరికి వెళ్లి, "బాబూ, నా బండి లాగేస్తారంట, ఆ బిల్లు వద్దని చెప్పు బాబూ," అంది.

బంతిపూలలోంచి, "సంతోషం తల్లీ, సంతోషం," అని వినిపించింది.

మర్నాటి పత్రిక: 'వెల్లువెత్తిన జేజేలు. ఆకార బిల్లు తెచ్చినందుకు క్రేన్‌తో కృతజ్ఞత.'

సమితిలో చీలిక వచ్చింది. శాలువా మానేద్దామని నేను. మానేస్తే లోపలికి రానివ్వరని మస్తాన్. అప్పుడు మాస్టారు మధ్యేమార్గం కనిపెట్టారు. "నల్ల శాలువా కప్పుదాం. నిరసనకు నలుపు అంతర్జాతీయ చిహ్నం. కప్పినట్టూ ఉంటుంది, నిరసించినట్టూ ఉంటుంది."

మాకు అది మహా గొప్ప ఆలోచనగా తోచింది. నల్ల శాలువా తెచ్చాం. మెడ వంగింది. కప్పాం. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. మా నిరసన అర్థమైపోయిందనుకున్నాను. అంతలో బయట వరండాలో ఉన్న కార్యకర్త ఒకడు లోపలికి తొంగి చూసి, భుజంగరావు గారి మెడలో ఉన్న నల్ల బట్ట చూసి, చేతులు రెండూ జోడించి, "స్వామియే శరణమయ్యప్ప," అన్నాడు.

అది కార్తీక మాసం.

వరండా అంతా శరణమంది. బ్యాండు కూడా, మేం పిలవకుండానే, శరణమంది. జనం వరసగా వచ్చి ఎమ్మెల్యే గారి కాళ్లకు దణ్ణం పెట్టసాగారు. ఆయన జోగినాథం వైపు చూశారు. "మనం మాల వేసుకున్నామా?" అని అడిగారు మెల్లగా. "వేసుకున్నట్టే ఉన్నామండి, ఇంతమంది దణ్ణాలు పెట్టాక తీస్తే బాగోదు," అన్నాడు జోగినాథం. ఆ సాయంత్రమే ఆయన గుడికెళ్లి పద్ధతిగా మాల వేయించుకున్నారు. దీక్ష అయ్యేదాకా చన్నీళ్ల స్నానం, నేల పడక. రాజకీయాలు మాట్లాడరు. పునుగు గురించి అడిగినవాళ్లకల్లా విభూతి పెట్టి పంపారు.

ఇక రాజధానికి వెళ్లడమొక్కటే మార్గం. ఆకార ప్రమాణాల శాఖలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోందని విని నేనూ, మాస్టారూ, తాయారమ్మా బస్సెక్కాం. తాయారమ్మ తెల్లవారకముందే లేచి ఒక డబ్బా నిండా పునుగులు వేసి తెచ్చింది. వాటికి తోకలున్నాయి. చూస్తేనన్నా తెలుస్తుందని ఆమె ఆశ.

సంయుక్త సంచాలకులు అప్పలనరసింహం గారు మా ఊరి పేరు వినగానే కుర్చీలోంచి లేచారు.

"వెలగలదిబ్బ పౌరులా? ఆసీనులు కండి. మా శాఖ ప్రజాభిప్రాయాన్ని శాస్త్రీయ పద్ధతిలో కొలుస్తుంది. శాలువాల సాంద్రతను బట్టి ప్రతి నియోజకవర్గానికీ ఒక హర్ష సూచిక నిర్ధారించాము. అందులో రాష్ట్రంలో ప్రథమ స్థానం మీదే. క్రేన్ వినియోగించిన ఏకైక నియోజకవర్గం మీది. ఒక శాసనసభ్యులు బిల్లు విజయం కోరుతూ దీక్షాబద్ధులు కావడం దేశంలోనే అపూర్వం."

"అయ్యా, మేం బిల్లు వద్దనే వెళ్లాం," అన్నాను.

"మీ వినయం ప్రశంసనీయం. మీ ఉత్సాహానికి గుర్తింపుగా చట్టాన్ని మొట్టమొదట మీ బజారులోనే అమలు చేయాలని శాఖ సంకల్పించింది."

తాయారమ్మ డబ్బా మూత తీసి ఆయన ముందుకు జరిపింది. మాస్టారు నిలదొక్కుకుని, "వ్యతిరేకించదలుచుకున్న పౌరుడు ఏం చేయాలి?" అని అడిగారు.

"సులభం. వ్యతిరేకత అనగా ధర్నా. ధర్నాకు అనుమతి కావాలి. అనుమతికి స్థానిక శాసనసభ్యుల సిఫారసు జతపరచాలి. సిఫారసు నిమిత్తం మీరు వారిని మర్యాదపూర్వకంగా కలవాలి."

"శాలువాతో," అన్నాను.

"అది మీ సంస్కారం," అన్నారు అప్పలనరసింహం గారు. మాట్లాడుతూనే తాయారమ్మ డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసుకుని తినేశారు. డబ్బా ఖాళీ అయ్యాక, "ఆకారం ఎలా ఉన్నదో గమనించలేదు. రుచి మాత్రం బాగున్నది," అన్నారు.

తిరుగు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. సన్మానించి సన్మానించి ఆ మనిషి బండి మేమే లాగేస్తున్నాం. తాయారమ్మ ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. "మీరు చేసింది చాల్లే" అని ఆమె ఒక్కసారి అని ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. దారిలో ప్రతి ఊళ్లోనూ ఫ్లెక్సీలు. వంతెన కట్టించినందుకు కృతజ్ఞతలు. కట్టబోతున్నందుకు కృతజ్ఞతలు. కట్టాలని అనుకున్నందుకు కృతజ్ఞతలు. వాటిని చూస్తూ చూస్తూ బస్సులోనే లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, మనం ఏం చెప్పినా ఆయనకి వినపడేది కృతజ్ఞతే కదా. అయితే వద్దని చెప్పడం దేనికి? బిల్లులోంచి పునుగును తప్పించినందుకు కృతజ్ఞతలు చెబుదాం."

"తప్పించలేదు కదండీ?"

"దీక్ష కూడా ముందు తీసుకోలేదు. శాలువా కప్పాకే కదా తీసుకున్నారు?"

మాస్టారు చాలాసేపు ఆలోచించి, "తర్కం దోషరహితంగా ఉంది," అన్నారు. కండక్టరు నన్ను కూర్చోమన్నాడు.

ఎమ్మెల్యే గారు శబరిమల నుంచి వచ్చేసరికి బజారంతా ఫ్లెక్సీ కట్టేశాం. 'పునుగు ప్రాణదాత, మన భుజంగన్నకు వెలగలదిబ్బ శతకోటి వందనాలు.' ఒక పక్క ఆయన నిలువెత్తు బొమ్మ, ఇంకో పక్క తోకలతో సహా పునుగుల బొమ్మ. క్రేన్ మళ్లీ వచ్చింది. భుజంగరావు గారు కారు దిగి ఫ్లెక్సీ చదివారు. మళ్లీ చదివారు.

"మనం కాపాడామా?" అన్నారు.

జోగినాథం ఫ్లెక్సీ వంక, క్రేన్ వంక, జనం వంక చూశాడు. "కాపాడినట్టే ఉన్నామండి."

మెడ వంగింది. శాలువా పడింది. ఆయన మైకు అందుకున్నారు. "పునుగును ముట్టుకుంటే ఊరుకునేది లేదని నేను ఆనాడే చెప్పాను," అన్నారు. ఏనాడని ఎవరూ అడగలేదు. "పునుగు మన సంస్కృతి. దాని తోక మన ఆత్మగౌరవం. నేను కాపాడిన పునుగును నా బొందిలో ప్రాణముండగా ఎవరూ చదును చేయలేరు." చప్పట్లు మోగాయి. తాయారమ్మ కూడా కొట్టింది. ఆమె చేతులకు పిండి అంటుకుని ఉండటం వల్ల వాటి చప్పుడు సరిగా వినపడలేదు.

ఆ తర్వాత జరిగిందంతా సభ లోపల జరిగింది. మాట చెప్పేశాక పని చేయక తప్పదు కనుక, భుజంగరావు గారు పునుగుకు మినహాయింపు కోరుతూ సవరణ పెట్టారు. ప్రతిపక్షం వెంటనే లేచి, పునుగును మొదట కాపాడింది తామేనని పోడియం చుట్టుముట్టింది. మంత్రిగారు లేచి, కాపాడే ఉద్దేశంతోనే అసలు బిల్లు తెచ్చామన్నారు. ఎవరెక్కువ కాపాడారన్న దాని మీద రోజంతా చర్చ జరిగింది. అయితే బిల్లులో పునుగు గోళమని ఒకసారి రాసేశారు కనుక, రాసింది కొట్టేస్తే ప్రభుత్వం తప్పు చేసినట్టు అవుతుందని న్యాయశాఖ అడ్డుపడింది. చివరికి అందరి గౌరవాలూ నిలిచేలా ఒక కొత్త క్లాజు చేర్చారు. అది నాకిప్పటికీ కంఠతా వచ్చు.

'పునుగు వాస్తవ ఆకృతి ఎట్లున్ననూ, తోకలు ఎన్ని ఉన్ననూ, ఈ చట్టము నిమిత్తము అది గోళముగనే భావింపబడవలెను.'

తాయారమ్మకు అది చదివి వినిపించాను. "అంటే?" అంది.

"నువ్వెలా వేసినా గుండ్రమే."

ఆమె కాసేపు నవ్వింది, తర్వాత కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ వేళ మొదటి వాయ మా ముగ్గురికీ పెట్టి మళ్లీ రెండో వాయ కూడా మాకే పెట్టింది. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అదొక్కటే పనిలా అనిపించింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మాకు కాస్త పొగరెక్కింది.

విజయోత్సవ సభకు ఎమ్మెల్యే గారు ఎలాగూ వస్తున్నారు. క్రేన్ ఎలాగూ వస్తోంది. "ఆ గుంత సంగతి కూడా పనిలో పని తేల్చేస్తే?" అన్నాడు మస్తాన్. పునుగు విషయంలో పనిచేసింది గుంత విషయంలో ఎందుకు పనిచేయదని నాకూ అనిపించింది. మాస్టారు అప్పటికప్పుడు రెండో ఫ్లెక్సీ రాశారు. 'మా బజారు రోడ్డును అద్దంలా తీర్చిదిద్దిన ప్రగతి రథసారథికి పాదాభివందనాలు.' భుజంగరావు గారు దాన్నీ చదివారు. జోగినాథం వైపు చూశారు. "వేయించినట్టే ఉన్నామండి," అన్నాడతను. మెడ వంగింది.

కొన్నాళ్లకు రోడ్ల శాఖ మనుషులు వచ్చారు. కంకర కోసం ఆశగా లారీ లోపలికి తొంగి చూశాను. ఒక బోర్డు మాత్రం ఉంది. దాన్ని గుంత పక్కనే పాతి వెళ్లిపోయారు. 'పనులు పూర్తయినవి.'

జోగినాథానికి ఫోన్ చేశాను.

"దానికి సన్మానం కూడా అయిపోయింది కదండీ," అన్నాడతను. "ఫోటోలున్నాయి. వీడియో ఉంది. శాలువా కప్పేసిన రోడ్డు మళ్లీ ఎట్టా వేస్తారు చెప్పండి. పునుగంటే మాటతో పోయింది. గుంతకి మట్టి పొయ్యాలి."

ఆ సాయంత్రం తాయారమ్మ బండి వచ్చింది. చక్రం బోర్డును రాసుకుంటూ వెళ్లి గుంతలో దిగబడింది. బూరెల మూకుడు ఒక పక్కకి ఒరిగింది. తనిఖీ అధికారి అప్పటికే వచ్చి రేకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చట్టం వచ్చాక రోజూ వస్తున్నాడు. పునుగును కన్నంలో పెడతాడు, తోక తట్టుకుంటుంది, 'గోళం' అని రాసుకుంటాడు, పొట్లం కట్టించుకుంటాడు.

"చూడండి, ఈ గుంత సంగతి మీరైనా పైకి రాయకూడదూ?" అన్నాను అతనితో.

అతను బోర్డు చదివాడు. "రికార్డు ప్రకారం ఇక్కడ గుంత లేదండీ," అన్నాడు.

నేను అధ్యక్షుణ్ణి కనక ఏదో ఒకటి అనాలి. "రేపే మళ్లీ కలుద్దాం. ఈసారి ఏ రంగు శాలువా అన్నది మాస్టారు ఆలోచిస్తారు," అన్నాను. మాస్టారు నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టారు.

తాయారమ్మ కొంగు నడుముకి బిగించి బండి వెనక్కి వచ్చింది. "పునుగు గుండ్రంగా ఉంది. రోడ్డు నున్నగా ఉంది," అంది. "ఇక ఎవురి కోసం చూస్తారు, తొయ్యండి."

తోశాం. తనిఖీ అధికారి కూడా రేకు చంకలో పెట్టుకుని ఒక భుజం వేశాడు. తోసినవాళ్లకు మొదటి వాయ అన్న సంగతి అతనికీ తెలిసిపోయింది.